మయోగ్లోబిన్ ఆయుష్షు తేల్చిన ఇనుము

కండరానికి ఎరుపునిచ్చేది నెత్తురేనన్న నమ్మకాన్ని 1897లో స్వీడన్ శాస్త్రవేత్త మోర్నర్ సడలించాడు. కండరంలోని రంగు పదార్థం వర్ణపటం హిమోగ్లోబిన్ వర్ణపటంతో సరిపోలడం లేదని చూపాడు. 1921లో జర్మనీకి చెందిన హన్స్ గుంథర్ దానికి మయోగ్లోబిన్ అని పేరు పెట్టాడు. 1932లో హ్యూగో థియోరెల్ దాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. 1950ల చివర కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ ఎక్స్ కిరణాలతో తిమింగలం మయోగ్లోబిన్ ఆకృతిని ఆవిష్కరించాడు. 153 అమైనో ఆమ్లాల గొలుసు మడతల నడుమ, ఆక్సిజన్‌ను పట్టే ఇనుము కనిపించింది.

ఆకృతి తేలకముందే ఆయుష్షు గురించిన అన్వేషణ మొదలైంది. ఎదిగిన దేహంలోని ప్రోటీన్లు కట్టిన ఇల్లులా స్థిరమని అప్పటి భావన. 1930లలో కొలంబియా విశ్వవిద్యాలయంలో షోన్‌హైమర్, రిటెన్‌బర్గ్ భారనైట్రోజన్‌ను గుర్తుగా వాడి, అవి ఎడతెగక కరుగుతూ, తయారవుతూ ఉంటాయని నిరూపించారు. 1946లో షెమిన్, రిటెన్‌బర్గ్ అదే పద్ధతిలో మనిషి ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుందని తేల్చారు. 1951లో థియోరెల్ బృందం గినీ పందులకు రేడియోధార్మిక ఇనుము ఎక్కించి, అది మయోగ్లోబిన్‌లోకి చేరే వేగాన్ని కొలిచింది.

ఇక్కడే అసలు తేడా బయటపడుతుంది. హిమోగ్లోబిన్ తన కణంతోపాటే పుట్టి, దానితోనే నశిస్తుంది. మయోగ్లోబిన్ మాత్రం బతికున్న కండరపోగులోనే విచ్ఛిన్నమై, అక్కడే మళ్ళీ తయారవుతుంది.

కణజాలంపై వికిరణం ప్రభావంలోనూ ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే కొత్త కణాలు విభజన వల్లే పుడతాయి. వేగంగా విభజన చెందే కణాలకే దాని దెబ్బ ఎక్కువని 1906లో ఫ్రాన్స్‌లో బెర్గోనియే, ట్రిబోండో సూత్రీకరించారు. 1950లో హెన్నెసీ, హఫ్ ఎక్స్ కిరణాలు సోకిన ఎలుకల్లో ఎర్రకణాలు ఇనుమును గ్రహించడం తగ్గిపోతుందని చూపారు. కారణం, మూలుగలో విభజన చెందే కణాలు దెబ్బతినడం. విభజన మానేసిన కండరపోగు అంత మోతాదు వికిరణాన్ని తట్టుకుంటుంది. అయితే 1961లో మౌరో గుర్తించిన, కండరాన్ని బాగుచేసే ఉపగ్రహ కణాలు వికిరణానికి విభజన శక్తి కోల్పోతే, గాయపడిన కండరం తిరిగి కట్టుకోలేదు.

గుర్తుగా వాడిన పరమాణువులు ప్రోటీన్ల ఆయుష్షును కొలిచి చూపాయి. వికిరణం కణజాల నవీకరణకు ఆధారమైన కణాలనే దెబ్బతీయగలదు. అందుకే ఒక కణజాలానికి జరిగిన హానిని అంచనా వేయాలంటే, దానిలోని ప్రోటీన్ కొత్త కణాలతో వస్తోందా, పాత కణంలోనే పుడుతోందా అని ముందు తెలుసుకోవాలి.