పొగ లేకపోతే సరిపోతుందా?

సిగరెట్టు తాగే తల్లి కడుపులోని బిడ్డకు కీడు చేసేది పొగా, అందులోని నికోటినా? చిన్న ప్రశ్నే. దీన్ని తేల్చడానికి దశాబ్దాలు పట్టింది.

1935లో అమెరికాలో సోన్‌టాగ్, వాలెస్ అనే పరిశోధకులు, తల్లి పొగ తాగినప్పుడు గర్భస్థ శిశువు గుండె వేగం మారడం గమనించారు. 1940లో ఎసెన్‌బర్గ్ బృందం గర్భంతో ఉన్న తెల్ల ఎలుకలపై నికోటిన్‌ను, సిగరెట్టు పొగను పరీక్షించింది. 1957లో కాలిఫోర్నియాలో వినియా సింప్సన్ కాన్పుల లెక్కలు తీసి, పొగతాగే తల్లులకు నెలలు నిండని కాన్పులు ఎక్కువని చూపారు.

పుట్టిన పిల్లల నడవడి మీదికి చూపు మళ్లింది 1970 ప్రాంతంలో. మార్టిన్, బెకర్ ఎలుక పిల్లల చురుకుదనాన్ని కొలిచారు. మరుసటి ఏడాది నికోటిన్ ప్రభావాన్ని, ప్రాణవాయువు కొరత ప్రభావాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఆ జాగ్రత్త అవసరమే. సూదిమందుగా ఇచ్చిన నికోటిన్ ఒక్కసారిగా రక్తనాళాలను బిగించి పిండానికి ప్రాణవాయువు తగ్గిస్తుంది. అప్పుడు తప్పు దేనిదో తేలదు.

1980లలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో థియోడర్ స్లాట్‌కిన్ బృందం గర్భంతో ఉన్న ఎలుక చర్మం కింద బుల్లి పంపు అమర్చి, నికోటిన్‌ను రోజుల తరబడి కొద్దికొద్దిగా ఎక్కించింది. ఊపిరాడని స్థితి లేకపోయినా పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింది. పెరిగే మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కణాలకు ఎప్పుడు విభజన ఆపాలో, ఎప్పుడు నాడీకణాలుగా మారాలో సంకేతమిస్తుంది. ఎసిటైల్‌కోలిన్ తెరిచే తాళానికి నికోటిన్ మారు తాళంచెవిలా సరిపోతుంది, వేళ కాని వేళ తలుపు తీస్తుంది.

2012లో ఫ్లోరిడాలో ప్రదీప్ భిడే బృందం తల్లి చిట్టెలుకలకు నీళ్లలోనే నికోటిన్ కలిపి ఇచ్చింది. పిల్లలు నిలకడ లేకుండా తిరిగాయి. వాటి మెదడులో డోపమిన్ వినియోగం తగ్గింది. 2014లో ఆ అతిచురుకుదనం ఆడ సంతతి ద్వారా తర్వాతి తరానికీ దిగిందని అదే బృందం చూపింది.

చిట్టెలుక మనిషి కాదు. మనుషుల్లో వంశం, పేదరికం, ఇంటి పరిస్థితులు అన్నీ కలిసిపోతాయి. అవన్నీ పక్కన పెట్టి నికోటిన్ ఒక్కదాన్నే చూడగలగడం జంతు ప్రయోగాల బలం.

ఇక మన దగ్గరికి వస్తే, ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసను నోట్లో ఉంచి అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. పొగాకు నమిలేవాళ్లు, తడి ఆకు కోస్తూ చర్మం ద్వారా నికోటిన్ ఎక్కించుకునే కూలీలు ఉన్నారు. కడుపుతో ఉన్న ఆడమనిషి ‘నేను కాల్చడం లేదుగా, నములుతున్నానంతే’ అంటే, ఈ ఎలుకల చరిత్ర చెప్పే జవాబు ఒక్కటే: బిడ్డ దాకా చేరడానికి నికోటిన్‌కు పొగ అక్కర్లేదమ్మా.