మూసీ ప్రవాహం – జలజీవావరణం

మూసీ కృష్ణానదికి ఉపనది. వికారాబాద్ జిల్లా అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మీదుగా సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది.

జలాశయాలు: 1908 సెప్టెంబరు వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) నిర్మించారు. మొదటిది గండిపేట చెరువుగా ప్రసిద్ధం. వీటి పరీవాహక ప్రాంత రక్షణకు 1996లో జీవో 111 వెలువడింది.

ప్రవాహంలో మార్పు: సహజంగా పారే నది వానాకాలంలో గట్టు దాటి పల్లపు నేలల్లో ఒండ్రు పరుస్తుంది. అనేక చేపలు అక్కడి లోతు తక్కువ నీళ్లలోకి ఎదురెక్కి గుడ్లు పెడతాయి. ఆనకట్టలు ఈ రాకపోకలను అడ్డుకుంటాయి. నగరంలో మూసీకి పెద్ద ప్రవాహం ప్రధానంగా ఈ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు వస్తుంది. 2020 అక్టోబరులో అలాగే వచ్చింది. మిగతా కాలమంతా పారేది ప్రధానంగా మురుగునీరే.

జలచరాలపై ప్రభావం: మురుగులోని సేంద్రియ పదార్థం కుళ్లేటప్పుడు నీటిలో కరిగిన ఆక్సిజన్ తరుగుతుంది. అటువంటి నీటిని నేరుగా గాలి పీల్చగల కొరమీను, మార్పు వంటి చేపలు ఎక్కువగా తట్టుకుంటాయి. పోషకాలు పేరుకుని, ప్రవాహం మందగించిన చోట గుర్రపుడెక్క అల్లుకుని వెలుతురును అడ్డుకుంటుంది. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని దుర్గం చెరువులోనూ ఈ సమస్య కనిపించింది.