సాధారణ పేగు వ్యాధులు: కారణాలు, నిర్ధారణ, చికిత్స

హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్, చిక్కడపల్లి వాసులకు దగ్గరలో ఉన్న నల్లకుంట ప్రభుత్వ ఫీవర్ ఆసుపత్రికి ఏటా వానాకాలంలో వాంతులు, విరేచనాలతో వచ్చేవారు పెరుగుతారు. ఎక్కువగా కలుషిత నీరు, ఆహారమే కారణం. అలాగని వానాకాలంలోనే వస్తాయనుకోకూడదు. 2009 మే నెలలో, మండుటెండల్లో, ముషీరాబాద్ దగ్గరి భోలక్‌పూర్‌లో కలుషితమైన తాగునీటి వల్ల అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. పల్లెల్లో వరద నీరు చేరిన బావి, పైపు పగిలిన కుళాయి, మూత లేని బిందె ఇదే ముప్పు తెస్తాయి.

విరేచనాలు

రోజుకు మూడుసార్లు లేదా అంతకంటే ఎక్కువగా నీళ్లలా అయితే విరేచనాలుగా భావించాలి. పిల్లల్లో తరచుగా వైరస్‌లే కారణం కాబట్టి యాంటీబయాటిక్స్ పనిచేయవు. బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోతుంటే కలరా అని అనుమానించాలి. రక్తం, జిగురు పడుతుంటే జిగట విరేచనాలు. వీటికి బ్యాక్టీరియా కారణమో, అమీబా కారణమో మల పరీక్షలో తెలుస్తుంది. ఇలాంటప్పుడు విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేసుకోకూడదు.

ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే ప్రాణం మీదకు తెస్తుంది. కళ్లు లోతుకు పోవడం, నోరు ఎండిపోవడం, మూత్రం తగ్గడం, పొట్టమీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం దీని గుర్తులు. మనిషి మగతగా ఉన్నా, తాగలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

లీటరు నీటికి తయారుచేసిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం పొడి దాచుకోవడం చాలామంది చేసే పొరపాటు. కలిపిన నీటిని 24 గంటల్లో వాడేయాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇవ్వాలి. తల్లిపాలు, అన్నం ఆపకూడదు.

దుకాణాల్లో దొరికే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ఎక్కువ చక్కెర విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

రైతులు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఒకటుంది. పురుగుమందు పిచికారీ చేసిన తర్వాత వాంతులు, విరేచనాలతో పాటు నోట్లో చొంగ, విపరీతమైన చెమట, చూపు మసకబారడం ఉంటే అది విషప్రభావం కావచ్చు. తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

దీర్ఘకాలిక సమస్యలు

మలబద్ధకానికి పొలంలో నీళ్లు సరిగా తాగకపోవడం, పీచు తక్కువ తినడం ముఖ్య కారణాలు. నెలల తరబడి కడుపునొప్పి వస్తూ, మలవిసర్జనతో తగ్గుతూ, మలబద్ధకమో విరేచనాలో ఉంటుంటే ఐబీఎస్ కావచ్చు. ఇది ఇబ్బంది పెడుతుందే గానీ ప్రాణాంతకం కాదు.

మలంలో రక్తం పడితే మాత్రం మొలలేనని తేల్చేసుకుని నాటుమందులతో కాలం గడపొద్దు. బరువు తగ్గడం, రక్తహీనత, నడివయసులో మలవిసర్జన అలవాటు మారడం తోడైతే పెద్దపేగు క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవడానికి కొలనోస్కోపీ అవసరం. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోని గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాల్లో చూపించుకోవచ్చు.