కొట్టం నుంచి స్లాబు దాకా: మన ఇళ్ళ కథ, సిమెంటు లెక్క

మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, భవనాల నుంచి కర్బన ఉద్గారాలు తగ్గించాలని గ్రూప్స్ నోట్సులో చదివినా. కొట్టంలో పుట్టినోళ్ళం, మనకీ దానికీ ఏం సంబంధం?" రెండు లైన్లలో జవాబు రాద్దామని కూర్చున్నాం. కానీ ఇల్లు అనే మాట మన చరిత్రలో ఎక్కడ మొదలైందో చెప్పకుండా సిమెంటు గురించి మాట్లాడటం కుదరలేదు. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చాక మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడాదే. ఎరుకలోళ్ళు, సుగాలీలు, కొన్నిచోట్ల యానాదులు దాని కింద నలిగారు. ఆ చట్టం చూపులో కుదురైన ఇల్లు లేకపోవడమే ఒక అనుమానం. పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, అడక్కుండా ఊరు దాటకూడదు. కావలి, స్టూవర్టుపురం సెటిల్మెంట్లు అలా పుట్టినవే. 1952లో చట్టం పోయింది గానీ, "మీకు ఇల్లుందా, అడ్రసుందా" అనే ప్రశ్న మాత్రం పోలేదు. ఆధార్ కోసం, కుల సర్టిఫికెట్ కోసం తిరిగినోళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లో మన ఇల్లు ఎట్లుండేది? నాలుగు గుంజలు, నడుమ నిట్టాడు, పైన వాసాలు. కప్పు దొరికినదాన్ని బట్టి ఉండేది. అడవి దగ్గరైతే బోద, సముద్రం వైపు తాటాకు, చెరుకు తోటలున్న చోట చెరుకాకు. గోడ మట్టిది, అలుకు పేడది. రెండు మూడేళ్ళకోసారి కప్పు మార్చుకోవాలి. పాత కప్పు మట్టిలో కలిసిపోతుంది. ఈ ఇంటికి బొగ్గుపులుసు వాయువు లెక్క వేస్తే దాదాపు సున్నా. ఎండాకాలం లోపల చల్లగా ఉండేదని మన అవ్వలు ఇప్పటికీ చెబుతారు, అది నిజమే.

రైతుల ఊళ్ళలో ఇంకో రకం ఉండేది, మట్టి మిద్దె. రాతి గోడ, దూలాలు, వాటి మీద కట్టెలు, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చౌడు మట్టి. చౌడు తడిస్తే గట్టిగా పట్టుకుని నీళ్ళను కిందికి దిగనివ్వదు. వానలకు ముందు ఏటా కొత్త చౌడు చల్లేవాళ్ళు. మదనపల్లె, పుంగనూరు వైపు రాతి కూసాలు నిలబెట్టి, పైన రాతి బండలే పరిచిన ఇళ్ళు నేటికీ ఉన్నాయి. ఇక రాజుల సంగతంటారా, చంద్రగిరి కోటలో రాజమహల్ చూడండి. మూడంతస్తులు, కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. సున్నం కాల్చేటప్పుడు కూడా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అయితే గోడకెక్కాక చాలావరకు గాలిలోంచి మళ్ళీ పీల్చుకుని రాయిలా బిగుస్తుంది.

ఇక్కడ ఒక మాట. ఈ మధ్య మట్టి ఇళ్ళను పొగుడుతూ వీడియోలు చాలా వస్తున్నాయి. తీసేవాళ్ళలో ఎక్కువమంది అందులో పడుకున్నవాళ్ళు కాదు. కొట్టానికి నిప్పంటుకుంటే ఐదు నిమిషాల్లో పుస్తకాలూ, బియ్యమూ, రేషన్ కార్డూ బూడిదే. పాములు వస్తాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు, తిరుపతి చుట్టుపక్కల మట్టి గోడలు ఎట్లా జారిపోయాయో మనం చూశాం. అందుకే మాకు కొట్టం మీద ప్రేమ ఉంది గానీ, మళ్ళీ అందులోకి పొమ్మంటే పోము.

ఇల్లు మన చేతుల్లో లేదన్న సంగతి శ్రీహరికోటలో ఇంకా బాగా తెలుస్తుంది. ఇప్పుడది మన తిరుపతి జిల్లాలోనే ఉంది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు, 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. అక్కడి అడవిలో తాటాకు, గడ్డి గుడిసెల్లో బతికిన యానాది కుటుంబాలు ఉన్నచోటు వదిలి కదలాల్సి వచ్చింది.

తర్వాత పథకాల కాలం. 1985లో ఇందిరా ఆవాస్ మొదలైంది. 2011 సామాజిక ఆర్థిక గణనలో కచ్చా గోడలు, కచ్చా కప్పు ఉన్న ఒంటి గది ఇల్లు పేదరికానికి ఒక గుర్తు. 2016లో ప్రధానమంత్రి ఆవాస్ వచ్చింది. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం లక్షల పట్టాలిచ్చి కాలనీలు మొదలుపెట్టింది. పేర్లు మారాయి, ఇల్లు మాత్రం ఒకటే: సిమెంటు, ఇనుము, స్లాబు. మట్టి అంటే వెనకబాటు, స్లాబు అంటే మనిషి అయినట్టు. వందేళ్ళుగా ఇల్లులేనోళ్ళని ముద్రేసినాక స్లాబు కోసం ఎదురుచూడటంలో తప్పేముంది?

సరే, సిమెంటు సంగతి. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలిస్తే క్లింకర్ వస్తుంది. పొయ్యిలో మండే బొగ్గు పొగ ఒక ఎత్తు, సున్నపురాయిలోంచి విడుదలయ్యే బొగ్గుపులుసు వాయువు ఇంకో ఎత్తు. సగానికి పైగా ఈ రెండోదే. అందుకే ఫ్యాక్టరీకి సోలార్ పెట్టినా పూర్తిగా తీరదు. ప్రపంచ ఉద్గారాల్లో 7, 8 శాతం సిమెంటుదే. భవనాల వాడకం, నిర్మాణం అన్నీ కలిపితే మూడో వంతు దాటుతుంది. 50 కిలోల బస్తాకి ఇంచుమించు 30 నుంచి 40 కిలోల బొగ్గుపులుసు వాయువు అనుకోవచ్చు.

ఒక చిన్న ఇంటికి వంద బస్తాలు అనుకుందాం. మూడు, నాలుగు టన్నులు. అమెరికాలో ఒక మనిషి సగటున ఏడాదికి 14 టన్నుల దాకా వదులుతాడు. అంటే మనవాళ్ళ ఇంట్లో ముగ్గురు తరాలు ఉండబోయే ఇంటి సిమెంటు లెక్క అక్కడ ఒక మనిషికి మూడు నెలల లెక్క. కాబట్టి తగ్గించండి అని ముందు మన దగ్గరికి రావడం న్యాయం కాదని మా ఉద్దేశం. ముందు చూడాల్సింది గాజు అద్దాలు, ఏసీలతో రోజంతా నడిచే లాడ్జీలనూ, మాల్స్‌నూ. పెద్ద వాణిజ్య భవనాలకు కరెంటు పొదుపు నియమావళిని మన రాష్ట్రం 2014లోనే తెచ్చింది. అది కాగితం దాటి ఎంతవరకు పనిచేస్తుందో అడిగే హక్కు మనకుంది.

అయినా తమ్ముడి ప్రశ్నకు "సంబంధం లేదు" అని రాయలేం. ఎందుకంటే ఆ స్లాబు కింద ఉడికేది మనమే. ఏప్రిల్ వస్తే కాలనీ ఇంట్లో రాత్రి పదింటికి కూడా పైనుంచి సెగ దిగుతుంది. ఫ్యానుకు వేడిగాలే. కూలికి పోయొచ్చిన అమ్మానాన్నలు బయట మంచాలేసుకుంటారు, పరీక్షలకు చదివే పిల్ల మాత్రం లోపలే. హైదరాబాదులో 2017లో కొన్ని పేదల ఇళ్ళ మీద తెల్ల పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. తెలంగాణ 2023లో దీన్ని విధానంగానే ప్రకటించింది. ఒకటి రెండు చేతుల సున్నం కొట్టడానికి ఇంజనీరు అవసరం లేదు. హాస్టల్ మిద్దె మీద మొదలుపెట్టొచ్చు.

కట్టేటప్పుడైతే ఇంకా చేయొచ్చు. బెంగళూరు ఐఐఎస్సీలో 1974లో మొదలైన 'అస్త్ర' విభాగం, యంత్రంతో నొక్కిన మట్టి దిమ్మెల మీద ఏళ్ళపాటు పనిచేసింది. మట్టిలో కొద్ది శాతం సిమెంటు కలిపి నొక్కి, నీళ్ళతో తడుపుతూ గట్టిపడనిస్తే చాలు, బట్టీలో కాల్చే పని లేదు. బట్టీ అంటే మనకు పొగ ఒక్కటే కాదు. బాకీ తీరక పిల్లాపాపలతో ఇటుక బట్టీల్లో ఇరుక్కుపోయిన యానాది కుటుంబాల కథ మన జిల్లాల్లో ఇంకా ముగియలేదు. బట్టీ ఇటుక తగ్గితే ఆ పనీ తగ్గుతుంది, అప్పుడు వాళ్ళకు వేరే కూలి చూపించాలన్నది కూడా మర్చిపోకూడదు. రాతి పునాది, మట్టి దిమ్మెల గోడ, పైన రాతి బండలు, ముందు వసారా: ఇది వరదకు జారదు, నిప్పుకు కాలదు.

మాలో ఒకరు ఈ మాటే ఒక మండల ఆఫీసులో అడిగారు. "మట్టి గోడంటే బిల్లు పడదు" అన్నారు. మేం కేంద్ర మార్గదర్శకాలు తీసి చూశాం. ఆవాస్ పథకంలో పక్కా ఇల్లంటే, మామూలు మరమ్మతులతో కనీసం 30 ఏళ్ళు ఎండావానలను తట్టుకునేది. సిమెంటు గోడ అని అందులో లేదు. ఆ పేజీ ప్రింటు తీసి మళ్ళీ పోతున్నాం. మీ తండాలో, మీ కాలనీలో 30 ఏళ్ళు దాటిన రాతి మిద్దె గానీ మట్టి గోడల ఇల్లు గానీ నిలబడి ఉంటే, ఫొటో తీసి, ఎప్పుడు కట్టారో పెద్దోళ్ళనడిగి కింద పెట్టండి. ప్రింటుతో పాటు అవి కూడా పట్టుకుపోతాం.