ఇంటికి రంగులు ఎన్నేళ్లకోసారి వేయించాలి? డబ్బా మీది వారంటీ కాదు.. గోడను చూసి తేల్చుకోండి!

సంక్రాంతి దగ్గరపడినా, ఇంట్లో పెళ్లి కుదిరినా మొదట వచ్చే మాట ఒకటే.. "ఈసారి రంగులు వేయిద్దామా?" పెయింటర్‌ను అడిగితే మూడేళ్లకోసారి వేయాల్సిందే అంటాడు. రంగు డబ్బా మీద పదేళ్ల వారంటీ అని ఉంటుంది. పక్కింటివాళ్లు మాత్రం ఎనిమిదేళ్లుగా బ్రష్ ముట్టుకోలేదు. మరి ఎవరి మాట నిజం? ఒక రకంగా అందరిదీ నిజమే. ఒకే ఇంట్లో పడమటి గోడకు, పడకగదికి ఒకే ఆయుష్షు ఉండదు. లోపల అయితే ఇల్లంతా ఒకేసారి కాకుండా ఏ గదికి అవసరమైతే ఆ గదికి వేయించుకుంటే చాలా ఖర్చు మిగులుతుంది. బయట గోడల దగ్గర ఆలస్యం చేస్తే మాత్రం రంగు ఖర్చు కాస్తా రిపేరు ఖర్చుగా మారుతుంది.

బయట గోడలకు ఎన్నేళ్లు?

లోపల రంగు వెలిసిపోతే చూడటానికి బాగోదు, అంతే. బయట అలా కాదు. ఎండావానలకు, గోడకు మధ్య ఉన్న తొడుగు ఆ రంగే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే బంకను ఏటా కొంచెం కొంచెం దెబ్బతీస్తాయి. బంక పోయాక గోడ మీద మిగిలేది పొడి మాత్రమే. అప్పుడు వాన నీరు సన్నటి పగుళ్లలోంచి ప్లాస్టరింగ్‌లోకి దిగుతుంది.

సిమెంట్ పెయింట్ అయితే సాధారణంగా 2 నుంచి 3 ఏళ్లు నిలుస్తుంది. మామూలు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ 3 నుంచి 4 ఏళ్లు, మంచి రకం అయితే 5 నుంచి 7 ఏళ్లు వస్తుంది. డబ్బా మీద ఇంకా పెద్ద అంకె ఉన్నా, దానికి షరతులు ఉంటాయి. కంపెనీ చెప్పిన ప్రైమర్ వాడాలి, చెప్పినన్ని కోట్లు వేయాలి, గోడలో నిమ్ము ఉండకూడదు. బిల్లు కూడా దాచుకోవాలి. ఇవేవీ లేకుండా వారంటీ అడిగితే ఎవరూ పలకరు.

నాలుగు వైపులా రంగు ఒకేలా పాడవదు. సాయంత్రం వరకు ఎండ తగిలే పడమటి గోడ, దక్షిణపు గోడ ముందుగా వెలుస్తాయి. ఉత్తరం వైపు రంగు నిలుస్తుంది కానీ, తడి త్వరగా ఆరదు కాబట్టి పాకుడు, నల్ల మచ్చలు వస్తాయి. మచ్చలు మాత్రమే ఉంటే కొత్త రంగు అక్కర్లేదు. బ్లీచింగ్ నీళ్లతో రుద్ది కడిగితే ఇంకో ఏడాది రెండేళ్లు గడిచిపోతాయి. ముదురు ఎరుపు, నీలం లాంటి రంగులు లేత రంగుల కంటే త్వరగా పాతబడినట్టు కనిపిస్తాయి. ఎలివేషన్‌కు ముదురు రంగు ఎంచుకునేవాళ్లు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో ఈ గడువులన్నీ ఇంకా తగ్గుతాయి. ఉప్పు గాలికి ముందు దెబ్బతినేది ఇనుమే. లోపలి ఊళ్లలో గేట్లు, గ్రిల్స్‌కు 2, 3 ఏళ్లకోసారి రంగు వేస్తే సరిపోతుంది. సముద్రం దగ్గర మాత్రం ఏటా చూసుకుని, తుప్పు కనిపించిన చోట గీకి రెడాక్సైడ్ కొట్టాల్సిందే. తుప్పు మీదే ఎనామిల్ వేస్తే ఆరు నెలల్లో పొర పొరగా లేచొస్తుంది.

లోపల ఏ గదికి ఎప్పుడు?

డిస్టెంపర్ వేసిన గోడ 2, 3 ఏళ్లకే పాతబడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకే అంటుకుంటుంది కాబట్టి మరక పడితే మళ్లీ వేయడమే మార్గం. ఎమల్షన్ అయితే తుడుచుకోవచ్చు. పడకగదిలో 5 నుంచి 7 ఏళ్లు సులువుగా వస్తుంది. అందరూ తిరిగే హాలు, మెట్ల దారిలో 3 నుంచి 4 ఏళ్లే. పోపు ఆవిరి, నూనె జిడ్డు పట్టే వంటగది, తడి ఆరని బాత్రూం కూడా దాదాపు అంతే. పిల్లల గది గురించి చెప్పక్కర్లేదు.. గోడే పలక. అక్కడ ఖరీదైన ఫినిష్ వేయించడం కంటే కడగడానికి వీలైన రకం వేయించడం మేలు. సీలింగ్‌కు ఎవరి చేతులూ తగలవు కాబట్టి లీకేజీ లేకపోతే ఒక విడత వదిలేసినా పర్వాలేదు.

గోడను ఇలా పరీక్షించండి

ఏళ్లు లెక్కపెట్టే ముందు అరచేతిని బయటి గోడకు గట్టిగా రుద్ది చూడండి. చేతికి సుద్దలా పొడి అంటితే బంక అయిపోయినట్టే. తర్వాత ఒక మగ్గు నీళ్లు గోడ మీద చల్లండి. నీరు జారిపోతే రంగు ఇంకా పనిచేస్తోంది. గోడ వెంటనే పీల్చుకుని ముదురు రంగులోకి మారితే వచ్చే వానాకాలం లోపు పని పెట్టుకోవాలి. పగుళ్లు వెంట్రుకంత ఉంటే కంగారు లేదు, క్రాక్ ఫిల్లర్‌తో పూడిపోతాయి. ఏటేటా వెడల్పు పెరుగుతున్నా, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగుతున్నా పెయింటర్‌ను కాదు, ఇంజనీర్‌ను పిలవాలి.

నిమ్ము మీద రంగు వేస్తే..

రంగు త్వరగా పోతోందని చాలామంది కంపెనీ మారుస్తుంటారు. అసలు దొంగ గోడలోని నీరు. పిట్టగోడ పైభాగం పగిలినా, బాత్రూం టైల్స్ సందుల్లోంచి నీరు దిగినా, డాబా మీద వాలు సరిగా లేక వాన నీరు నిలిచినా.. ఆ తడి ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. వచ్చేటప్పుడు ఇటుకలోని, ఇసుకలోని లవణాలను మోసుకొస్తుంది. తెల్లటి ఉప్పు పూతలా గోడ మీద కనిపించేది అదే. లప్పం ఉబ్బుతుంది, రంగు పెచ్చులుగా రాలుతుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఒక్క వానాకాలమే.

తడి గోడలోంచి వస్తోందా, గదిలోని ఆవిరి వల్ల పడుతోందా తేల్చుకోవడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. అనుమానం ఉన్న చోట అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే లోపల నిమ్ము ఉన్నట్టు. గది వైపు మాత్రమే తడి ఉంటే గాలి ఆడటం లేదని అర్థం. మొదటిదానికి లీకేజీ పట్టాలి. రెండోదానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు.

డంగు సున్నంతో కట్టిన పాత ఇళ్లది వేరే కథ. ఆ గోడలు తడిని పీల్చి మళ్లీ గాలిలోకి వదిలేస్తాయి. వాటికి ఏటా సున్నం వేసినన్నాళ్లు బాగానే ఉన్నాయి. ముచ్చటపడి ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించాక తడికి దారి మూసుకుపోయి పొర ఉబ్బి ఊడుతుంది. ఇలాంటి ఇంటికి వెల్ల వేయించుకోవడమే మంచిది, ఖర్చూ తక్కువే.

కొత్త ఇళ్లలో తొందరపాటు ఇంకో రకం. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొచ్చిందని తడి ఆరని గోడ మీదే లప్పం, రంగు లాగించేస్తారు. ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం 28 రోజులైనా ఆగాలి. ముహూర్తం ఆగదనుకుంటే ప్రైమర్, ఒక కోటు వేయించి గడిపేసి, ఆఖరి కోటు ఒక ఎండాకాలం దాటాక వేయించుకోవచ్చు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది సన్‌షేడ్లు, బాల్కనీ స్లాబ్‌ల అడుగు భాగం. అక్కడ పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తున్నా, తుప్పు రంగు చారలు దిగుతున్నా పుట్టీ పెట్టి రంగు వేసి కప్పేయొద్దు. చువ్వ తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీట్‌ను బయటికి తోస్తుంది. రంగు కింద ఆ పని ఆగదు, కనిపించకుండా సాగుతుంది. ఆ ముక్క కింద నిలబడేది ఇంట్లోవాళ్లో, వీధిలో పోయేవాళ్లో.

పాత రంగు గీకేటప్పుడు పిల్లల్ని దూరంగా పంపండి

ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అంతకుముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా తలుపులు, కిటికీల ఎనామిల్‌లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. గోడకు అంటుకుని ఉన్నంతసేపు పెద్ద భయం లేదు. పొడి ఎమరీ కాగితంతో రుద్దినప్పుడు లేచే దుమ్ముతోనే ప్రమాదం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ఫర్వాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అందుకే పాత ఎనామిల్‌ను తడిపి రుద్దమని పెయింటర్‌కు చెప్పాలి. కింద షీటు పరిచి, ఊడిన పెచ్చులను మూట కట్టి తీసేయాలి. నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ రోజుల్లో వేరే ఇంట్లో ఉండటమే మంచిది. రోజంతా ఆ దుమ్ములో ఉండే పెయింటర్‌కు మాస్క్ ఇవ్వడం ఎవరూ గుర్తుపెట్టుకోరు. అదీ ఇంటి యజమాని పనే.

ఏ నెలలో పెట్టుకోవాలి?

తెలంగాణలో దసరా తర్వాత నుంచి ఫిబ్రవరి వరకు బయటి రంగులకు అనువైన కాలం. కోస్తాలో, అందులోనూ నెల్లూరు వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి కాబట్టి జనవరి నుంచి మార్చి మేలు. మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న గోడ మీద వేస్తే రంగు పట్టుకోకముందే ఆరిపోయి బ్రష్ గీతలు తేలతాయి. పండగకు వారం ముందు పెయింటర్లు దొరకరు, దొరికినా కోటుకు కోటుకు మధ్య ఆరనివ్వరు.

లెక్క కూడా ముందే వేసుకోండి. 12 అడుగులకు 12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అనుకుంటే గోడలు 480, సీలింగ్ 144, మొత్తం 624 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. మంచి ఎమల్షన్ లీటరుకు రెండు కోట్లతో సుమారు 60 నుంచి 70 చదరపు అడుగులు వస్తుంది. గదికి 20 లీటర్ల బకెట్ కావాలని ఎవరైనా అంటే ఒకసారి ఆగి అడగండి.

అద్దె ఇంట్లో ఎవరు వేయించాలి?

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకోవడం హైదరాబాద్ లాంటి నగరాల్లో మామూలైపోయింది. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టంలో మాత్రం గోడలకు వెల్ల, తలుపులు, కిటికీలకు రంగు యజమాని బాధ్యతల జాబితాలోనే ఉన్నాయి. వేరేలా ఒప్పందం రాసుకుంటే ఆ ఒప్పందమే చెల్లుతుంది. పైగా అది నమూనా చట్టం, రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే వర్తిస్తుంది. కాబట్టి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందే పెయింటింగ్ ఎవరిది, ఎన్నేళ్లు ఉంటే ఎంత కోత అన్నది రాయించుకోవాలి. ఇంట్లో దిగిన రోజే గోడల ఫొటోలు తీసి యజమానికి వాట్సాప్ చేస్తే తర్వాత గొడవ ఉండదు.

ఇక పని అయ్యాక షేడ్ నంబర్, కంపెనీ పేరు, తేదీ రాసి డబ్బా మూత ఫొటో తీసి పెట్టుకోండి. మిగిలిన అర లీటరు రంగును గట్టిగా మూత పెట్టి ఎండ తగలని చోట ఉంచితే, స్విచ్‌బోర్డు పక్కన పడే చేతి మరకలకు ఏడాది రెండేళ్లు అదే సరిపోతుంది.