ఎడారి శిబిరాల్లో స్థానిక జ్ఞానం: సహ్రావీ శరణార్థుల అనుభవం

వాతావరణ మార్పును తట్టుకునే మార్గాల గురించి రాసేవారు రైతుల, మత్స్యకారుల, ఆదివాసుల అనుభవానికి ఇచ్చే విలువ శరణార్థుల అనుభవానికి ఇవ్వరు. ఊరే పోయినవారికి స్థానిక జ్ఞానం ఎక్కడిదన్న సందేహం అందుకు కారణం. అల్జీరియా నైరుతి మూలన టిండూఫ్ చుట్టూ ఉన్న శిబిరాల ముందు ఆ సందేహం నిలవదు. 1975-76లో స్పెయిన్ పశ్చిమ సహారాను వదిలిపోగా మొరాకో, మౌరిటానియా సేనలు ప్రవేశించాయి. అప్పుడు పారిపోయి వచ్చిన అక్కడి సహ్రావీ ప్రజలు, వారి పిల్లలు, మనవలు ఇక్కడ అయిదు శిబిరాల్లో బతుకుతున్నారు. 2018 నాటి ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం వారు 1,73,600 మంది. దాదాపు అర్ధశతాబ్దం ఒకే రాళ్ల ఎడారిలో గడిపినవారికి ఆ నేల తెలియదనలేం. తెలిసినదాన్ని ఆచరించే హక్కు వారికి లేదన్నదే నా వాదన.

కరవుకు సహ్రావీల వంటి సంచార పశుపాలకుల అసలైన జవాబు కదలిక. వాన ఎక్కడ పడితే మందను అక్కడికి తోలుకుపోవడం, పచ్చిక తరిగితే మరో చోటు వెతుక్కోవడం. ఎడారిలో వాన ఏ ఏడు ఎక్కడ పడుతుందో చెప్పలేం కాబట్టి ఈ పద్ధతికి మించిన బీమా మరొకటి లేదు. కానీ పశ్చిమ సహారాను చీలుస్తూ మొరాకో కట్టిన సుమారు 2,700 కిలోమీటర్ల ఇసుక గోడ, దాని వెంట పాతిన మందుపాతరలు ఆ దారులను తెంచేశాయి. గోడకు తూర్పున మిగిలిన పచ్చికలోనూ 2020 నవంబరులో మొరాకోకు, సహ్రావీ పోరాట దళాలకు మధ్య ఉన్న కాల్పుల విరమణ కూలాక భద్రత పోయింది. ఇక్కడ లోపించింది పశుపాలకుల తెలివి కాదు, తిరిగే నేల.

ఇళ్ల సంగతి ఇంకా చిక్కు. వేసవిలో 50 డిగ్రీలు దాటే చోట మట్టి గోడ పగటి వేడిని నెమ్మదిగా లోపలికి పంపుతుంది. పక్కనే వేసుకున్న డేరా గాలినిస్తుంది. అయితే 2006 ఫిబ్రవరిలో, 2015 అక్టోబరులో కురిసిన కుండపోతలకు వేలాది మట్టి ఇళ్లు కరిగిపోయాయి. పాత అనుభవం కొత్త వాతావరణానికి పనికిరాదనేవారు దీన్నే సాక్ష్యంగా చూపవచ్చు. ఈ ఆక్షేపణలో నిజముంది, కానీ సగమే. మట్టినే నమ్ముకోవడం వెనుక పేదరికంతో పాటు, పక్కా ఇల్లు కడితే స్వదేశం మీద ఆశ వదులుకున్నట్టేనన్న బాధ కూడా ఉంది. పైగా జ్ఞానం గడ్డకట్టుకుపోలేదు. శిబిరంలోనే పుట్టి పెరిగిన ఇంజనీరు తాతెహ్ లెహ్‌బీబ్ ఇసుక నింపిన ప్లాస్టిక్ సీసాలతో, ఇసుక తుపాను తాకిడిని చీల్చే గుండ్రటి ఇళ్లు కట్టి చూపాడు.

జ్ఞానం పుట్టిన నేలను దాటి రాదన్నది మరో ఆక్షేపణ. మౌరిటానియాలోని మ్బెరా శిబిరం దీనికి సూటి జవాబు. 2012 నుంచి అక్కడ తలదాచుకున్న మాలి శరణార్థులు, తమ దేశంలో అలవాటైన పద్ధతిలోనే పచ్చి కొమ్మలతో కొట్టి కార్చిచ్చులు ఆర్పే స్వచ్ఛంద దళాన్ని నిలబెట్టారు. దానికి 2022లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే నాన్సెన్ ప్రాంతీయ పురస్కారం దక్కింది. వారు కాపాడుతున్నది స్థానికుల పచ్చికను కూడా.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ వేరు: శరణార్థుల తెలివిని పొగిడేకొద్దీ దాతలు, ప్రభుత్వాలు బాధ్యత నుంచి తప్పుకుంటాయని. ఈ భయం న్యాయమైనదే. టిండూఫ్‌లో తాలెబ్ బ్రాహిమ్ అనే సహ్రావీ వ్యవసాయ ఇంజనీరు మట్టి లేకుండా ట్రేలలో బార్లీ మొలకలు పెంచి మేకలకు మేత అందించే పద్ధతి తెచ్చాడు. ప్రపంచ ఆహార కార్యక్రమం దానికి తోడ్పడింది. మొదట్లో ఖరీదైన కంటైనర్లలో సాగిన పెంపకం తర్వాత స్థానికంగా దొరికే సామగ్రితో చవకైంది. వారం పదిరోజుల్లో మేత చేతికొస్తుంది, పాలు ఇంట్లోనే దొరుకుతాయి. అయినా విత్తనం కొనాలి, నీరు అందాలి. సాయం ఆగితే ట్రేలు ఖాళీ అవుతాయి. కాబట్టి ఈ జ్ఞానం సాయానికి ప్రత్యామ్నాయం కాదు. సాయాన్ని దేనికి ఖర్చు చేయాలో నిర్ణయించే చోట సహ్రావీలకు ఓటు ఉండాలనడానికి ఆధారం.