కుర్దుల పోరు - పొరుగు రాజ్యాల బేరం

సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ పేరు వినని వారు మనలో ఉండరు. 1187లో జెరూసలేంను గెలిచిన ఆ వీరుడు కుర్దు జాతివాడని మాత్రం చాలామందికి తెలియదు, అరబ్బు అనుకుంటారు. మేము తరగతిలో ఈ మాట చెబితే, కుర్దుల దేశం పటంలో ఎక్కడుందని పిల్లలు అడుగుతారు. అటువంటి దేశం లేదు. టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియాల కొండసీమల్లో కుర్దులు కోట్ల సంఖ్యలో ఉన్నారు, సొంత రాజ్యం లేదు.

ఉస్మానియా సామ్రాజ్యం ఓడాక, 1920 నాటి సేవ్ర్ సంధిలో కుర్దు రాజ్యానికి దారి చూపారు. 1923లో లోజాన్ సంధి నాటికి ఆ మాటే లేదు. అప్పటినుండి ఈ ప్రభుత్వాలకు ఒకటే బెంగ: పక్కన కుర్దులకు రాజ్యమొస్తే రేపు మన ఇంట్లోనూ అడుగుతారని. బెంగ ఒకటే గాని నడత వేరు. పొరుగువాడితో తగవు వచ్చిందా, వాడి కుర్దులకు తుపాకులు అందించడం. తగవు తీరిందా, చేయి వదిలెయ్యడం.

ముల్లా ముస్తఫా బర్జానీ కథే చూడండి. 1946లో సోవియట్ అండతో ఇరాన్‌లో వెలసిన మహాబాద్ రిపబ్లిక్‌కు ఆయన సేనాని. సోవియట్ సైన్యం వెళ్ళిపోయింది, ఏడాది తిరక్కుండా రిపబ్లిక్ కూలింది. అధ్యక్షుడు ఖాజీ ముహమ్మద్‌ను 1947లో ఉరితీశారు. బర్జానీ అనుచరులతో కాలినడకన సోవియట్ దేశం చేరి, 1958లో గాని ఇరాక్ తిరిగి రాలేదు. 1970లో బాగ్దాద్ స్వయంపాలనకు ఒప్పుకుంది, కాని కిర్కూక్ చమురు దగ్గర పేచీ పడింది. 1972లో ఇరాక్ సోవియట్‌తో మైత్రీ సంధి చేసుకునేసరికి ఇరాన్ షా, ఆయన వెనుక అమెరికా, బర్జానీకి లోపాయికారీగా ఆయుధాలూ డబ్బూ పంపారు. షాను బర్జానీ నమ్మలేదు, అమెరికా మాటను నమ్మాడు.

1974లో యుద్ధం రేగింది. 1975 మార్చి 6న అల్జీర్స్‌లో, చమురు దేశాల సభ జరిగినప్పుడు, అల్జీరియా అధ్యక్షుడు బూమెదియన్ మధ్యవర్తిత్వంతో షా, సద్దాం హుస్సేన్ రాజీపడ్డారు. షత్తుల్ అరబ్ నదిలో సరిహద్దు నడిధార వెంట ఉండడానికి ఇరాక్ ఒప్పుకుంది. కుర్దులకు సాయం ఆపడానికి షా ఒప్పుకున్నాడు. అంటే ఒక నదిలో సగానికి ఒక జాతి పోరు తూగింది! కొద్ది వారాల్లో తిరుగుబాటు ఆరిపోయింది, వేలాది కుటుంబాలు ఇరాన్‌కు పరుగెత్తాయి. బర్జానీ 1979లో వాషింగ్టన్‌లో కన్నుమూశాడు.

ఆ రాజీ ఎంతకాలం నిలిచింది? 1980లో సద్దామే దాన్ని రద్దుచేసి యుద్ధానికి దిగాడు. మళ్ళీ ఇరాన్ ఇరాకీ కుర్దులను, ఇరాక్ ఇరానీ కుర్దులను చేరదీశాయి. ఫలితం 1988 మార్చిలో హలబ్జాపై విషవాయువు, వేలమంది చావు. ముస్లిం రాజ్యాల్లో గట్టిగా అడిగినవారు అరుదే, ఇది మాకు మింగుడుపడదు. సిరియా కూడా ఓజలాన్‌ను ఏళ్ళతరబడి దాచి, 1998లో టర్కీ యుద్ధమని బెదిరించేసరికి బయటికి పంపింది.

కుర్దు నాయకుల తప్పూ లేకపోలేదు. 1996లో తలబానీ వర్గం ఇరాన్ సాయం తెచ్చుకుంటే, బర్జానీ కుమారుడు మసూద్ సద్దాం సైన్యాన్నే ఎర్బిల్‌కు పిలిచాడు.

2017 సెప్టెంబరులో ఇరాకీ కుర్దులు స్వాతంత్ర్యంపై ఓటు వేశారు, 92 శాతానికి పైగా ఔనన్నారు. ఎన్నడూ పొసగని టర్కీ, ఇరాన్ రెండూ బాగ్దాద్ పక్షాన నిలిచాయి. అమెరికా ముందే వద్దంది. అక్టోబరులో ఇరాక్ సైన్యం కిర్కూక్‌ను తిరిగి తీసుకుంది.